రెండు డిస్కులు, యాభై రెండు సెకన్లు

నా ఉద్యోగం కెమెరా కదపకుండా ఉండటం.

ఎనిమిదేళ్ళుగా అదే చేస్తున్నాను. స్టేడియంలో అన్నిటికంటే పై వరసలో, మైదానం నడి గీతకి సరిగ్గా ఎదురుగా కెమెరా బిగిస్తాను. మైదానం మొత్తం ఫ్రేములో పట్టిందో లేదో చూసుకుంటాను. ఆ తర్వాత చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాను. మా అమ్మ ఇప్పటికీ కలమజూలో ఇరుగుపొరుగుకి నేను టీవీలో పనిచేస్తున్నానని చెబుతుంది. అది ఆవిడ మంచితనం.

డ్రమ్ కోర్ అంటే నూట యాభై మంది పిల్లలు వేసవంతా బస్సుల్లో తిరిగి, స్కూలు జిమ్ముల్లో నేల మీద పడుకుని, పగలంతా ఎండలో మాడి, సాయంత్రం పన్నెండు నిమిషాలపాటు బాకాలూ డ్రమ్ములూ వాయిస్తూ నడకతో మైదానం మీద బొమ్మలు గీసే పోటీ. ఇరవై రెండేళ్ళు నిండితే ఇంటికి పంపించేస్తారు. ఆ బొమ్మలు కనబడాలంటే పైనుంచి, కదలకుండా చూడాలి. అందుకే నాలాంటి మేధావి అవసరం.

మా కంపెనీ ఈ పోటీలని రెండు రకాల డిస్కులుగా అమ్ముతుంది. ఒకటి హై కెమెరా, అంటే నాది. రెండోది మల్టీ. అందులో ఏడు కెమెరాలు, చెమటలు, కన్నీళ్ళు, డ్రమ్ము మీద ఎగిరే నీటి చుక్కలు. హై కెమెరా కొనేవాళ్ళు మల్టీ కొనేవాళ్ళని మనుషుల్లో లెక్కెయ్యరు. మల్టీ కొనేవాళ్ళు మమ్మల్ని చీమల పుట్ట చూసి ఆనందించే వాళ్ళంటారు. రెండూ కొనే మనిషి ఇంతవరకు పుట్టలేదు. ఎనిమిదేళ్ళలో మా సొంత మల్టీ డిస్కు నేనొక్కటి కూడా చూడలేదు, ఆ మాట అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకునేవాణ్ణి.

ఆ ఏడాది జూన్‌లో మల్టీకి కొత్త డైరెక్టర్ వచ్చింది. మిల్వాకీలో టీవీ వాళ్ళకి బౌలింగ్ పోటీలు తీసేదట. మొదటి పోటీ డబ్యూక్‌లో, సన్నటి తుంపర. ఇంటర్నెట్‌లో లైవ్ వెళ్తోంది. కింద వ్యాన్‌లో కూర్చుని ఆమె ఏ కెమెరా చూపించాలో చెబుతోంది, ఆ గొంతు మా అందరి హెడ్‌సెట్లలో వినబడుతోంది.

"మూడు సిద్ధం. మూడు తీసుకో."

మూడో కెమెరాలో ట్యూబా వాయించే ఒక కుర్రాడి ముఖం. సరిగ్గా ఆ క్షణంలో ఫెర్రీమెన్ కోర్‌లో చెల్లాచెదురుగా ఉన్న ఎనభై బాకాలూ కలిసి మైదానం ఈ కొసనుంచి ఆ కొసదాకా ఒకే గీతగా మారి ముందుకి నడిచాయి. జనం లేచి నిలబడ్డారు. ఇళ్ళలో చూస్తున్నవాళ్ళకి మాత్రం ఒక ముక్కు కనబడింది.

"అద్భుతం," అన్నాను హెడ్‌సెట్‌లో. "ఎనభై మంది ఆరు నెలలు చచ్చీచెడీ ఒక గీత గీస్తే మనం ఒకడి ముక్కు చూపించాం. ముక్కు మాత్రం బాగుంది."

వ్యాన్‌లో పెన్సిలు బల్ల మీద కొట్టిన చప్పుడు వినబడింది.

"ఎవరండీ అది?" అందామె.

"హై కెమెరా."

"ఓహో, కదపని కెమెరా మీరేనా?"

"అవునండీ."

"మరి నోరెందుకు కదుపుతున్నారు?"

ఏడుగురు కెమెరామెన్ నవ్విన నవ్వు నా చెవుల్లోనే పడింది.

పోటీ అయ్యాక ఆమె వానలో అన్ని మెట్లూ ఎక్కి పైకి వచ్చింది. బేస్‌బాల్ టోపీ, చెవి మీద పెన్సిలు, ఊడిపోయిన బూటు లేసు. తిట్టడానికి వచ్చిన మనిషి ముందు ఊపిరి పీల్చుకోవడానికి రెండు నిమిషాలు తీసుకుంది. ఆ రెండు నిమిషాలూ నేను మర్యాదగా ఎదురుచూశాను.

"డార్లా కచ్మారెక్," అంది చివరికి. "ముక్కు గురించి మాట్లాడింది మీరే కదా?"

"కోల్బీ హూక్‌స్ట్రా. ముక్కు గురించి మంచిగానే మాట్లాడాను."

"చూడండి, బౌలింగ్‌లో బంతి ఒక్కటే. ఎటు పోతుందో గుడ్డివాడైనా చెబుతాడు. ఇక్కడ నూట యాభై బంతులు, అన్నీ తలోదారిన పోతున్నాయి. గీత వస్తుందని నాకెవరు చెప్పారు?"

"ఎవరు ఎప్పుడు ఎక్కడికి నడుస్తారో కాగితాల మీద ఉంటుంది. చదవాలి."

"ఆ కాగితాలు ఎవరిస్తారు?"

"అన్ని కోర్‌లవీ నా దగ్గరే ఉన్నాయి. ఎవరికీ ఇవ్వను."

ఆమె టోపీ తీసి వాన నీళ్ళు దులిపింది. సగం నా మీద పడ్డాయి.

"ఎప్పటిదాకా ఇవ్వరు?"

"రేపు పొద్దున్నదాకా," అన్నాను. నా నోటినుంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలీదు.

అప్పట్నుంచి ప్రతి ఊళ్ళో మధ్యాహ్నం వ్యాన్ వెనకాల కూర్చుని కాగితాలు చదివేవాళ్ళం. జూలై వచ్చేసరికి ఆమె ఏ గీతా వదలడం లేదు. మీరు పోయి నువ్వు వచ్చింది. నా జోకులకి నవ్వడం మాత్రం రాలేదు.

డార్లాకి ఇంకో పని కూడా ఉండేది, ఉత్తరాలు రాయడం. ఎవరిదైనా పాట డిస్కులో పెట్టి అమ్మాలంటే ఆ పాట కట్టినవాళ్ళు ఒప్పుకుంటూ రాసివ్వాలి. లైవ్‌కి ఆ బాధ లేదు, డిస్కుకి ఉంది. ఒప్పుకోకపోతే అంతవరకు శబ్దం తుడిచేసి అమ్ముతాం. బొమ్మ ఆడుతూనే ఉంటుంది, పిల్లలు బుగ్గలు ఉబ్బిస్తూనే ఉంటారు, చప్పుడుండదు. అలాంటి చోటు రాగానే కొన్నవాళ్ళు మమ్మల్ని తిట్టుకుంటూ ముందుకి జరిపేస్తారు.

ఆ ఏడాది ఫెర్రీమెన్ ప్రదర్శన మధ్యలో ఒక నెమ్మది పాట. డులూత్‌లో ఉండే ఆర్విడ్ సాండ్‌స్ట్రామ్ అనే ఎనభై నాలుగేళ్ళ ఆయన ఎప్పుడో చర్చి కోసం కట్టింది. అందులో యాభై రెండు సెకన్లు ప్రిసిల్లా ఒరోస్కో అనే అమ్మాయి ఒక్కతే ట్రంపెట్ వాయిస్తుంది. ఆమెకి అదే ఆఖరి ఏడాది. సాండ్‌స్ట్రామ్‌కి డార్లా తొమ్మిది ఉత్తరాలు రాసింది. ఆయన ఒక్కదానికే జవాబిచ్చాడు, "ఎవరు మీరు?" అని.

జూలై నెలాఖరున సలీనాలో పిడుగులు పడ్డాయి. మైదానం ఖాళీ చేయించి పోటీని పక్కనున్న స్కూలు జిమ్‌లోకి మార్చారు. నడకలూ బొమ్మలూ లేవు, పిల్లలు అర్ధచంద్రాకారంగా నిలబడి ఊరికే వాయిస్తారు. నా కెమెరాకి పనిలేదు. ఆమె వ్యాన్‌కీ పనిలేదు. ఇద్దరం చెక్క బెంచీల మీద కూర్చుని చిప్స్ సంచీలోనే మాంసం, జున్ను పోయించుకుని ఫోర్కుతో తిన్నాం. నేను నిలువునా తడిసి వణుకుతుంటే తన పసుపు రెయిన్‌కోటు తీసి నా మీద పడేసింది.

"వేసుకో. నువ్వు చస్తే కెమెరా కదపకుండా ఎవరుంటారు?"

"అది చిన్న సైజు."

"నీ బుర్రకి సరిపోతుందిలే."

ప్రిసిల్లా ముందుకొచ్చి వాయించింది. ఇరవై అడుగుల దూరం. జిమ్ పైకప్పు మీద వాన మోగుతోంది, ఆ చప్పుడు మీదుగా ఒక్క ట్రంపెట్. డార్లా ఫోర్కు పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కళ్ళు తుడుచుకుని, జున్నులో మిరపకాయలు ఎక్కువేశారని చెప్పింది. నేను నమ్మినట్టే తలూపాను. ఆమె మీద నాకున్నది స్నేహం కాదని నాకప్పుడే తెలిసింది. ఎనిమిదేళ్ళుగా ఏదీ దగ్గర్నుంచి చూడని మనిషికి ఇరవై అడుగుల్లో ట్రంపెట్టు, అరడుగులో డార్లా. ఎంతకని తట్టుకుంటాడు.

"ఈ యాభై రెండు సెకన్లూ నేనే తుడవాలి కోల్బీ," అంది. "ఆ పిల్ల పదేళ్ళు నేర్చుకుంది. రేపు తన పిల్లలకి చూపిస్తే, బుగ్గలు ఉబ్బించి నిలబడ్డ అమ్మ కనబడుతుంది."

"ఇంకో ఉత్తరం రాయి."

"రాస్తాను. డిస్కులు పంపేశాక ఎలాగూ ఉండను. అట్లాంటాలో ఉద్యోగం వచ్చింది. బాస్కెట్‌బాల్. అక్టోబర్‌లో చేరాలి."

"బంతి ఒక్కటే. హాయి," అన్నాను. రెయిన్‌కోటు మాత్రం తిరిగివ్వలేదు.

ఆగస్టులో ఇండియానాపోలిస్‌లో ఫైనల్స్. ఆ ఉదయం దాకా డులూత్ నుంచి కబురు లేదు. మా యజమాని వెర్న్ ఇక తుడిచెయ్యాల్సిందేనని చెప్పేశాడు.

సాయంత్రం నేను పై వరసలో, పసుపు రెయిన్‌కోటులో. స్టేడియానికి పైకప్పు ఉంది, మూసే ఉంది. ఎందుకు వేసుకున్నావని ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు. హై కెమెరాకి దాని మైకు దానికే ఉంటుంది, పక్కనే కడ్డీకి కట్టి ఉంటుంది. లైవ్‌లోకి ఆ శబ్దం పోదు, టేపులోకి మాత్రమే పోతుంది. ప్రిసిల్లా ముందుకి నడిచింది. టేపులో ఈ యాభై రెండు సెకన్లూ లోకంలో ఎవరూ వినరు. తుడవడం కోసం ఒక్క మనిషి మాత్రం వినాలి.

హెడ్‌సెట్ మైకు ఆపేశాను. కడ్డీ దగ్గరికి వంగాను.

"డార్లా, ఇది తుడవడానికి నీకు జీతమిస్తున్నారు కాబట్టి వినక తప్పదు. నీ ముక్కుల షాట్లు నాకు నచ్చవు. నువ్వు నచ్చావు. సలీనాలో నువ్వు మిరపకాయల గురించి అబద్ధం చెప్పినప్పట్నుంచి నాకు ఇంకో ఆలోచన లేదు. అట్లాంటా వెళ్ళకు. వెళ్తానంటే ఎదురుపడి ఆపలేను, నేను కదిలే రకం కాదు, అదే నా జబ్బు. తుడిచేశాక ఒక ఫోన్ చెయ్యి. చెయ్యకపోతే విననట్టే ఉందాం. సీజన్ బాగా జరిగింది."

ఎంత తెలివిగా చేశానో అని ఆ రాత్రి నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

సెప్టెంబర్ వచ్చింది. ఫోన్ రాలేదు. కలమజూలో పెళ్ళిళ్ళ వీడియోలు తీస్తూ ఎదురుచూశాను. సెప్టెంబర్ వెళ్ళిపోయింది, ఫోన్ రాలేదు. జవాబు తెలిసిపోయింది. ఎంత మర్యాదస్తురాలు, విననట్టే ఉంది అనుకున్నాను. ఒక పెళ్ళిలో కేకు కోసేటప్పుడు ఎనిమిది నిమిషాలు కెమెరా గోడ మీదే ఉంచేశాను. పెళ్ళికూతురు తల్లి ఇంకా ఉత్తరాలు రాస్తోంది.

అక్టోబర్ మొదటి వారంలో ఫోన్ మోగింది.

"కోల్బీ, డిస్కులు వెళ్ళిపోయాయి," అంది డార్లా. గొంతు వెలిగిపోతోంది. "నీకో సంగతి చెప్పాలి. కూర్చో."

కూర్చున్నాను.

"సాండ్‌స్ట్రామ్ ఒప్పుకున్నాడు. పన్నెండో ఉత్తరానికి. షరతేంటో తెలుసా? ఒక్క స్వరం కూడా కోయకూడదట, ఒక్క సెకను కూడా తుడవకూడదట."

"అంటే తుడవలేదా?"

"ఎందుకు తుడుస్తాను? ఏం మనిషివి, సంతోషించవేం?"

"సంతోషంగానే ఉంది. హై కెమెరా టేపు ఒకసారి విన్నావా?"

"అది వినడానికేముంది? నువ్వు కదపవు, అందులో తప్పేం దొర్లుతుంది? నేరుగా కాపీలు కొట్టించేశాను. ఎంతమందికి పంపామో తెలుసా, మూడు వేలమందికి. గొంతేంటి అలా ఉంది?"

"జలుబు," అన్నాను.

ఫోన్ పెట్టేశాక వంటింట్లో నేల మీద కూర్చున్నాను. అమెరికాలో ఉన్న బ్యాండు మాస్టర్లలో సగంమంది ఈపాటికి నా మనసులో మాట వింటూ ఉంటారు. ఆమె తప్ప. అంతకంటే సిగ్గుచేటు విషయం ఇంకోటుంది, అది అప్పటిదాకా నా బుర్రకి తట్టలేదు. ప్రిసిల్లా పాట బతికింది. దాని మీద నేను వాగాను.

నాలుగో రోజున వెర్న్ ఫోన్ చేశాడు. "ఏమోయ్, డులూత్ ముసలాయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. నీ డిస్కులో ఎవడో మాట్లాడుతున్నాడంటాడు. డార్లా ఇంకా పూర్తిగా చదవలేదు. ఎల్లుండి సోమవారం ఆమె అట్లాంటాలో ఉండాలి. నువ్వు తక్షణం రా."

ఫోర్ట్ వేన్‌లో మా ఆఫీసు ఒకప్పుడు పళ్ళ డాక్టరుది. ఇప్పటికీ లోపలికెళ్తే దవడ నొప్పి పుడుతుంది. దారంతా వాన. నేను వెళ్ళేసరికి డార్లా ఉత్తరం పట్టుకుని నిలబడి ఉంది. పక్కన రెండు పెట్టెలు సర్ది ఉన్నాయి.

"వచ్చావా? విను," అని చదవడం మొదలుపెట్టింది. "'అమ్మా కచ్మారెక్, మీరు పంపిన రెండు డిస్కులూ అందాయి. నా వయసులో తీరిక ఎక్కువ, రెండూ చూశాను. మొదటి దాంట్లో నా పాట మధ్యలో ఒకడు మాట్లాడుతున్నాడు. కాస్త తొందరపడి మొదలుపెట్టాడు, నాలుగు స్వరాలు ఆగి ఉంటే బాగుండేది. వాడు చెప్పింది మీకు సంబంధించిన విషయం కాబట్టి నేను రాయను. రెండో దాంట్లో సరిగ్గా అదే చోట, ఆ అమ్మాయి వాయిస్తుండగా, మీరు ఆమెని వదిలేసి...'"

డార్లా ఆగిపోయింది. మెడ దగ్గర్నుంచి పైకి ఎరుపెక్కింది.

"ఆమెని వదిలేసి?" అన్నాడు వెర్న్. ఉత్తరం లాక్కుని తనే చదివాడు. "'...పై వరసలో పసుపు రెయిన్‌కోటు వేసుకున్న ఒక మనిషిని నాలుగు సెకన్లు చూపించారు. వాడి పెదాలు కదులుతున్నాయి. పైకప్పున్న చోట రెయిన్‌కోటు ఎందుకో నాకు తెలీదు. మీ ఇద్దరూ ఒకరి డిస్కు ఒకరు చూడరని నా అనుమానం. చూడండి. చూశాక ఇద్దరూ ఆ పిల్లకి క్షమాపణ చెప్పి, ఆమె పాట ఆమెకివ్వండి. అప్పటిదాకా నా అనుమతి ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు.'"

వెర్న్ మమ్మల్ని మార్చి మార్చి చూశాడు. తర్వాత కోటు తీసుకున్నాడు. "నేను కాఫీకి వెళ్తున్నాను. ఫోర్ట్ వేన్‌లో మంచి కాఫీ దొరకడానికి ఓ గంట పడుతుంది," అని వెళ్ళిపోయాడు.

రెండు టీవీలు పక్కపక్కన పెట్టుకున్నాం. ఆమె హై కెమెరా డిస్కు వేసుకుంది, నేను జీవితంలో మొదటిసారి మల్టీ వేసుకున్నాను. ఆమె చెవులకి హెడ్‌ఫోన్లు. నేను ఆమె ముఖం చూడలేక తెర వైపే చూశాను. ప్రిసిల్లా, ఆమె వేళ్ళు, ఆమె మూసిన కళ్ళు. తర్వాత ఉన్నట్టుండి దూరంగా, పైన, ఒక పసుపు మచ్చ. కెమెరా మెల్లిగా దగ్గరికి లాగింది. ఒక వెధవ కడ్డీతో మాట్లాడుతున్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మళ్ళీ ప్రిసిల్లా.



డార్లా హెడ్‌ఫోన్లు తీసింది.

"యాభై రెండు సెకన్లుంటే నలభై తొమ్మిదిలో ముగించావు," అంది. "లెక్క బాగానే వేసుకున్నావు."

"నువ్వు ఫోన్ చెయ్యలేదు. విననట్టు ఉన్నావనుకున్నాను."

"వినలేదు కాబట్టి విననట్టు ఉన్నాను. నెలన్నర ఆగే బదులు ఆ మెట్లు దిగి వ్యాన్ దగ్గరికొచ్చి చెప్పడానికేం?"

"కెమెరా వదిలి రాకూడదు. రూలు." ఆ మాట నాకే అసహ్యంగా వినబడింది. "మరి నువ్వు? జూలై నుంచి ఒక్క తప్పు షాట్ తీసుకోలేదు. ఇదేంటి?"

ఆమె కిటికీ వైపు తిరిగింది. బయట వాన అద్దం మీద మెలికలు తిరుగుతోంది.

"ఆ ముక్క ఎలాగూ మూగదై పోతుందనుకున్నాను. మూగ చోట్లు ఎవరూ చూడరు కదా, జరిపేసుకుంటారు. లైవ్‌లో నాలుగు సెకన్లు ఎవడు పట్టించుకుంటాడులే అనుకున్నాను. ఎవరూ చూడని చోట నాకు కావలసిన షాట్ ఒకటి నాకోసం పెట్టుకున్నాను. అంతే."

"అంతేనా?"

"అట్లాంటాకి తీసుకెళ్దామని."

ఆ పెట్టెల వైపు చూశాను. ఆగిపొమ్మని అడిగితే ఆగుతుందేమో. టేపులో అడిగింది అదే, నువ్వు కదలకు అని. నేను కదలని వాణ్ణని లోకమంతా నా చుట్టూ ఆగాలన్నట్టు. ఆ నలభై తొమ్మిది సెకన్లలో నాకు బాగా సిగ్గనిపించిన మాట అదే.

"అక్కడ బాస్కెట్‌బాల్‌కి పై కెమెరా ఉంటుందా?" అన్నాను.

"ఉంటుంది. కానీ దాన్ని తిప్పాలి. బంతి అటూ ఇటూ పోతుంది."

"నేర్చుకుంటాను."

"నువ్వా? కెమెరా కదుపుతావా?"

"ముందు నేను కదులుతాను. కెమెరా సంగతి తర్వాత చూద్దాం."

డార్లా మొదటిసారి నేనన్నదానికి నవ్వింది. అది జోకు కాదు. నవ్వుతూనే దగ్గరికొచ్చి నా చొక్కా కాలరు పట్టుకుంది. ఆ తర్వాత కాసేపు జరిగింది దగ్గర్నుంచి చూడాల్సిందే, ఆ ఒక్క విషయంలో మల్టీ వాళ్ళతో ఏకీభవిస్తాను. వెర్న్ మంచి కాఫీ దొరక్క ముందే వచ్చేశాడు, అది అతని తప్పు.

ఆ మధ్యాహ్నమే మల్టీ మైకుల శబ్దం తీసి హై కెమెరా బొమ్మకి జత చేశాం. పాట శుభ్రంగా వచ్చింది. మల్టీలో పసుపు మచ్చ తీసేసి ప్రిసిల్లాని ప్రిసిల్లాకిచ్చాం. పాత డిస్కులు వెనక్కి పంపితే కొత్తవి ఉచితంగా ఇస్తామని అందరికీ ఉత్తరాలు రాశాం. తర్వాత స్పీకర్ ఫోను పెట్టి ప్రిసిల్లా వాళ్ళ ఊరు లరేడోకి ఫోన్ చేశాం.

"మిస్ ఒరోస్కో, నేను హై కెమెరా కోల్బీని. మీ ఆఖరి సోలో మీద మాట్లాడిన వెధవని నేనే. క్షమించండి. దానికి నా దగ్గర సాకేమీ లేదు."

"మీ మీంచి నాలుగు సెకన్లు దొంగిలించింది నేను," అంది డార్లా.

అవతల కుర్చీ జరిపిన చప్పుడు.

"మొదట వినగానే ఏడ్చాను," అంది ప్రిసిల్లా. "పదేళ్ళండీ. మిమ్మల్ని కొడదామనుకున్నాను."

"కొట్టాల్సిందే," అన్నాను.

"మా అమ్మమ్మ ఊరుకుంటేగా. ఆవిడకి సంగీతం పట్టదు, కానీ ఆ ముక్క రోజుకి మూడుసార్లు వేయిస్తోంది. ఆ అమ్మాయి అట్లాంటా వెళ్ళిందా లేదా అని నన్ను తినేస్తోంది. ఏం చెప్పమంటారు?"

నేను డార్లా వైపు చూశాను.

"వెళ్తోందని చెప్పండి," అంది డార్లా. "వాణ్ణి కూడా తీసుకుపోతోందని చెప్పండి."

ఫోన్‌లో స్పానిష్‌లో ఏదో అరుపు, దాని వెనకాల ముసలి నవ్వు.

"సరే," అంది ప్రిసిల్లా, గొంతు కాస్త మెత్తబడింది. "ఇప్పుడు నా పాట నాకు పంపండి."

పంపాం. ఆమె డిస్కు సాండ్‌స్ట్రామ్ డిస్కుకంటే ముందు వెళ్ళింది. పాతది తిరిగి పంపమని అడిగితే మాత్రం అమ్మమ్మ ఇవ్వనందట.